మూడు మడతల పొట్లం

సంతకు పార్వతీపురం నుంచి చీరలు తెచ్చి అమ్మే వ్యాపారి చెప్పాడు, కంపౌండరు బాబు పోయాడని. పోయి అప్పటికే పదిహేను రోజులైందట. ఏం జబ్బు చేసిందని అడిగాను.

"ఏటో మరి. ఇంట్లోవోలికే సెప్పలేదంట" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. చావుకబురు విని నవ్విన మనిషిని చూసి అతను చీర మడత పెట్టడం ఆపేశాడు. నవ్వక ఏం చేయను? బతికినంతకాలం ఊరందరి జబ్బులూ దాచిన మనిషి, ఆఖరికి తన జబ్బుని ఇంట్లోవాళ్ళకి కూడా అందకుండా పట్టుకుపోయాడు. ఇంటికొచ్చాక ఏడ్చాను. అది వేరే సంగతి.

నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. పొగడ్తలు రాయడం ఇంకా రాలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను. మనిషి పొట్టి, చొక్కా పొడుగు. పగలు మూడుసార్లు ఉసిరికాయ నమిలేవాడు, కునుకు తీస్తే రేకుల కప్పు అదిరేలా గురక పెట్టేవాడు. మా కొండల్లో ఏది చూసినా ఆయనకి లోటే. మా వంకాయ చేదు, మా చింతపండు పులుపు చాలదు, మా వాన కూడా పద్ధతి తెలియని వాన. "మా పార్వతీపురంలో అయితేనా" అని మొదలుపెట్టేవాడు. అంత గొప్ప ఊరు వదిలి ఇక్కడికెందుకొచ్చావు బాబూ అని ఒకసారి అడిగేశాను. "ఇక్కడ రోగులున్నారు, అక్కడ వైద్దులున్నారు" అన్నాడు. 

అరకు దాటి లోపలికి, కొండల కింద ఏ రాయి ఉందో చూడడానికి వచ్చిన సర్వేవాళ్ళ క్యాంపు అది. మశూచి టీకాలవాళ్ళు ఇంకా ఇల్లిల్లూ తిరుగుతున్న రోజులు. క్యాంపుకి ఒక రేకుల గది మందులకొట్టు. అసలు డాక్టరు వారానికోసారి జీపులో వచ్చేవాడు, జీపు బాగుంటే. మిగిలిన రోజులన్నీ కంపౌండరు బాబే డాక్టరు. నేను ఆయాని. గది తుడవడం, సీసాలు కడగడం, నీళ్ళు కాచడం నా పని. క్యాంపువాళ్ళతోపాటు చుట్టుపక్కల కొండల మీది మావాళ్ళూ వచ్చేవారు.

ఎవరైనా వచ్చి బల్ల మీద కూర్చుంటే ఆయన గోడవైపు తిరిగి నిలబడేవాడు. "ఊఁ, గోడకి సెప్పు. గోడ నాకు సెప్తాది" అనేవాడు. ముఖం చూస్తే మనిషి సగమే చెబుతాడని ఆయన నమ్మకం. కొత్తగా వచ్చినవాళ్ళు ఈయనకి చెవుడేమో అనుకుని గట్టిగా అరిచేవాళ్ళు. అప్పుడు మాత్రం తిరిగి చూసి, "నీ రోగం నాకు సెప్పరా, అనంతగిరికి కాదు" అనేవాడు.

ఇక పొట్లాలు. తలనొప్పి మాత్రకైనా, చర్మానికి రాసే పొడికైనా ఒకటే సైజు కాగితం, ఒకటే తీరు, మూడు మడతలు. సీసా ఇస్తే సీసాకీ కాగితం చొక్కా తొడిగేవాడు. మందులకొట్టు నుంచి బయటికి వచ్చిన పదిమందిని వరసగా నిలబెట్టినా ఎవరి చేతిలో ఏముందో దేవుడికి తెలియదు. అంత కాగితం ఎందుకు తగలేస్తావు బాబూ అంటే, "నీ ఒంటిమీద కోకెందుకే, అదీ తగలేత్తన్నావు గదా" అన్నాడు.

ఒకరోజు ఒక మేస్త్రీ వచ్చి, పొద్దున తన భార్య ఏ జబ్బుకి వచ్చిందో చెప్పమని నిలదీశాడు.

"నా పెళ్ళామే గదా, నాకు సెప్తే ఏటి తప్పు?" అన్నాడు మేస్త్రీ.

"పెళ్ళాం నీదే. రోగం నీది కాదు గదా."

"అంటే ఏటి, నా దగ్గిర దాసీ రోగమా?"

"సూడు నాయినా. ఆవిడికొక రోగం ఉన్నాది, తగ్గిపోద్ది. నీకు అడిగీ రోగం ఉన్నాది. దానికి నా దగ్గిర మందు లేదు. ఇంటికెల్లి ఆవిడ పక్కన కూకుని, ఎలాగున్నాదని అడుగు. జబ్బు పేరు అడక్కు."

మేస్త్రీ తిట్టుకుంటూ వెళ్ళాడు. ఏమనిపించిందో ఏమో, మర్నాడు అతనే భార్యని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. కంపౌండరు బాబు అతన్ని గుమ్మం బయట కూర్చోబెట్టి ఆవిడొక్కర్తెనే లోపలికి పిలిచాడు.

అలాగని అన్నీ దాచి అపాయం తెచ్చే మనిషి కాదు. జ్వరం తగ్గిన జీపు డ్రైవరు పనికి వెళ్తానంటే సూదీ దారం చేతికిచ్చేవాడు. మూడు ఊపిర్లు తీసేలోగా సూదిలో దారం ఎక్కించకపోతే ఆ రోజుకి బండి లేదు. వాడు వినకపోతే తనే పోయి జీపు ముందు మడతమంచం వేసుకుని పడుకునేవాడు. ఎందుకు పడుకున్నావని ఆఫీసరు అడిగితే, "ఇక్కడ గాలి బాగున్నాది" అనేవాడు. డ్రైవరు జబ్బు పేరు మాత్రం వచ్చేది కాదు.

ఆయనకో పిరికితనం ఉండేది. ఎత్తు చూస్తే ప్రాణం పోయేది. మొదటిసారి ఘాట్ రోడ్డు బస్సులో కళ్ళకి లోయ కనపడకుండా తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చాడట, మలుపు మలుపుకీ పక్కవాడి భుజం పట్టుకుని. అందుకే పండగలకి కూడా ఇంటికి వెళ్ళేవాడు కాదు. అరకుకి రైలు వచ్చింది కదా, అందులో వెళ్ళమంటే, రైలు వంతెనలు బస్సు మలుపులకన్నా ఎత్తని ఎవరో చెప్పారట. ఆయన ముందు ఈ సంగతి ఎత్తితే ఉసిరికాయ గట్టిగా నమిలేవాడు.

ఆ క్యాంపుకి ఒక హెలికాప్టరు ఉండేది. సామాన్లనీ మనుషుల్నీ కొండ శిఖరాల మీద దింపడానికి తెచ్చారు. మావాళ్ళు దాన్ని తూనీగ అనేవారు. అది నడిపే పైలట్ బాబు కుర్రాడు, కృష్ణా జిల్లా వైపువాడు. నాకన్నా నాలుగైదేళ్ళు చిన్న. తనొచ్చి ఏడాది కాలేదు. కొండల మీద దింపడానికి వేరే పరీక్ష ఉంటుందట. పై ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చి పక్కన కూర్చుని, ఇక్కడ దింపు, అక్కడ తిప్పు అని చేయించి చూస్తాడట. అందులో నెగ్గితేనే ఉద్యోగం నిలుస్తుంది.

పరీక్ష ఇంకో నాలుగు రోజులుందనగా, కూలీలంతా అన్నాలకి వెళ్ళిన వేళ పైలట్ బాబు మందులకొట్టుకి వచ్చాడు. కంపౌండరు బాబు గోడవైపు తిరుగుతూ నన్ను కట్టెలు తెమ్మన్నాడు. కట్టెలు గుమ్మం పక్కనే పేర్చి ఉన్నాయి. నేనేం చేయను, వినపడింది.

రెండేళ్ళ కిందట వేరే చోట ఎవరో ఇతనికి ఒంట్లో బాగోలేదని ఒక మాట అన్నారట. ఆ మాట పై ఆఫీసుకి చేరేసరికి పెద్ద రోగమైంది. అలాంటిదేమీ లేదని డాక్టర్లు తేల్చేసరికి ఏడాది పోయింది. "ఏడాది ఇంట్లో కూర్చున్నానండి. మళ్ళీ అలాంటి మాట పుడితే ఇక నన్ను పిలవరు" అంటున్నాడు.

"ఇక్కడ మాటలు పుట్టవు. మందులు పుడతాయి. సెప్పు" అన్నాడు కంపౌండరు బాబు.

తరవాత చాలాసేపు ఆయన ఆ అబ్బాయిని వదల్లేదు. కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబెట్టాడు. పరుగెత్తించి గుండె విన్నాడు. సూదిలో దారం ఒకసారి కాదు, అయిదుసార్లు ఎక్కించమన్నాడు. వచ్చే వారం దాకా సరిపడా పొట్లాలు కట్టాడు.

"రేపటి నుంచి ఎనిమిది రోజులు తినాల. మొదటి మూడు రోజులు మత్తుంటాది. ఆ తూనీగని ముట్టుకోకు. ఎందుకెగరలేదని అడిగితే ఏటి సెప్పుకుంతావో నీ ఇష్టం."

"మూడు రోజుల తరవాత?"

"నాలుగోనాడు పొద్దున్నే ఇటొచ్చి మల్లీ దారం ఎక్కించు. ఎక్కిత్తే ఎగురు. ఎక్కకపోతే నానే ఆ తూనీగ కింద తొంగుంతాను."

ఆ మూడు రోజులూ ఎలాగూ మంచు విడవలేదు, ఎవరూ అడగలేదు. నాలుగోనాడు, అంటే పరీక్షనాడు, పైలట్ బాబు తెల్లారగానే వచ్చి అయిదుసార్లూ దారం ఎక్కించి వెళ్ళాడు.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. మా ఊళ్ళో మందు తింటున్న మనిషి ఉన్న ఇంటి గుమ్మానికి పచ్చకొమ్మ కడతాం. అది చూసి ఎవరూ ఆ ఇంటికి కబుర్లకి పోరు, తగువుకి పోరు, పని చెప్పరు. మందు దిగేదాకా ఆ మనిషిని మనశ్శాంతిగా వదిలేస్తారు. పైలట్ బాబుకి ఆ రోజు పరీక్ష. కుర్రాడు, ఇంకా మందు తింటున్నాడు, అమ్మా అక్కా దగ్గర లేరు. కడితే నేనే కట్టాలి అనుకున్నాను. డేరాకి కడదామంటే అతను డేరాలో ఉండేది తక్కువ. మామూలుగా పగలంతా ఆ తూనీగలోనే. అదే అతని ఇల్లనుకున్నాను. నేరేడు కొమ్మ విరిచి, పీచుతో హెలికాప్టరు తలుపు పిడికి కట్టేశాను. మంచిపని చేశానని తృప్తిగా వచ్చి సీసాలు కడుక్కుంటున్నాను.

పరీక్ష పెట్టే అధికారి జీపు దిగాడు. పొడుగు మనిషి, చేతిలో ఫైలు. చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెబుతున్నాను. పైలట్ బాబు కాగితాలన్నీ చూశాడు. లైసెన్సు కాగితం, పెద్ద ఊళ్ళో డాక్టర్లు పరీక్షించి ఇతను ఎగరొచ్చు అని ఇచ్చిన కాగితం. అన్నీ సరిగ్గా ఉన్నాయని తల ఊపి హెలికాప్టరు దగ్గరికి నడిచాడు. తలుపుకి కొమ్మ కనపడింది.

"ఇదేమిటి?" అన్నాడు.

అక్కడ ఆయిలు డ్రమ్ములు దొర్లిస్తున్న కూలీ మా ఊరివాడే. అబద్ధం రాదు. "మందు తింతన్న మనిసి ఉన్నాడని గురుతు బాబూ. మా ఆయా కట్టింది" అన్నాడు.

అధికారి పైలట్ బాబు వైపు తిరిగాడు. "ఏం మందు?"

పైలట్ బాబు కొమ్మ వైపు చూశాడు. "డాక్టరు కాగితం మీ చేతిలో ఉంది సార్" అని మాత్రం అన్నాడు. అధికారి ఇంకేం అడగకుండా నేరుగా మందులకొట్టుకి వచ్చాడు. వెనకాల ఆ కూలీ పరుగెత్తుకొచ్చి, జరిగింది నా చెవిలో వేశాడు. నా చేతిలో సీసా జారి బానలో పడింది.

"మా పైలట్‌కి మీరు మందు ఇచ్చారా?" అన్నాడు అధికారి.

"ఇది మందులిచ్చీ సోటే బాబూ. కూకోండి" అన్నాడు కంపౌండరు బాబు.

"అతనికి ఏం జబ్బు?"

"ఎవలికి?"

"పైలట్‌కి."

"తవరికేటి బాగోలేదో సెప్పండి, గోడవైపు తిరుగుతాను. అవతలోడి సంగతి ఈ గదిలో ఉండదు."

అధికారికి కోపం రాలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చూడండి. నేనతని పక్కన కూర్చుని కొండ మీదికి వెళ్ళాలి. నాకూ పెళ్ళాం పిల్లలున్నారు. అడగడం తప్పా?"

ఎవరేం అడిగినా చురకలాంటి జవాబు సిద్ధంగా ఉంచుకునే మనిషి ఈసారి చురక వేయలేదు. నోట్లో ఉసిరికాయ ఉమ్మేసి అధికారి ఎదురుగా కూర్చున్నాడు.

"తప్పు కాదు బాబూ" అన్నాడు. "ఎగరడానికి అడ్డమొచ్చీ రోగమైతే ఆడిని ఈ గుమ్మం దాటనిచ్చీవోన్ని కాదు. మూడు రోజులు ఎగరొద్దన్నాను, ఎగర్లేదు. ఈ పొద్దున్న సూసినాను. ఆడు బాగున్నాడు. ఇంతవరకూ సెప్తాను. రోగం పేరు సెప్పను."

"పేరు చెబితే ఏం పోతుంది?"

"పేరు తెలిత్తే తవరు ఆడి సేతులు సూడరు. ఆ పేరే సూత్తారు. గాలికి బండి ఊగినా ఆ జబ్బే అనిపిత్తాది. ఆడు ఒక రెప్పపాటు ఆలోసించినా ఆ జబ్బే అనిపిత్తాది. తవరొచ్చింది సేతులు సూడ్డానికి గదా. కాగితం సూసీసినారు. సేతులు సూడండి."

"నాకు మీ మాట తప్ప ఆధారం ఏముంది?"

"మాట సాలదా?"

"నా ప్రాణానికి చాలదు."

కంపౌండరు బాబు లేచాడు. మందులపెట్టె తీసుకుని చంకన పెట్టుకున్నాడు. "అయితే నాను ఎనక కూకుంతాను. పదండి."

ఆ మాట విని నేను నవ్వబోయి ఆగాను.  ఘాట్ రోడ్డు బస్సుకే తువ్వాలు చుట్టుకున్న మనిషి. అధికారి ఆయన్ని పైనుంచి కిందికి చూసి, "ఎక్కండి" అన్నాడు.

నేను వెనకే పరుగెత్తి కొమ్మ విప్పేశాను. "నానే కట్టీసినాను బాబూ. మంచికనుకున్నాను" అన్నాను కంపౌండరు బాబుతో.

"నాను పొట్లానికి మూడు మడతలేసి సచ్చి సెడతన్నాను. నువ్వు ఊరందరికీ జెండా కట్టినావు" అన్నాడు. తిట్టడానికి కూడా ఓపిక లేదు. లోపల కూర్చుని పెట్టె ఒళ్ళో పెట్టుకుని, నేల వదలకముందే కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. అమ్మోరుకి ఏమేం మొక్కాడో ఆయనకే ఎరుక.

తూనీగ లేచింది. ఎదురుగా ఉన్న కొండకి భుజంలాంటి చోట చిన్న చదును ఉంది, రెండు మంచాలు వేస్తే నిండిపోయేంత. అక్కడ దింపమని అధికారి అన్నట్టున్నాడు. దిగబోతుండగా గాలి ఒక్క తోపు తోసింది. పక్కకి ఒరిగింది.  నా చేతిలో ఆ కొమ్మ ఉంది. ఆ అబ్బాయి నోటి దగ్గరి కూడు నేనే లాగేశానా అని ఆకులు ఒక్కొక్కటే తుంపుతున్నాను. తూనీగ పైకి లేచి, కొండ చుట్టూ తిరిగి, మళ్ళీ వచ్చింది. ఈసారి గాలిలో కదలకుండా నిలబడి, కోడి గుడ్ల మీద కూర్చున్నంత మెల్లిగా దిగింది. లేచి కొండ వెనక్కి పోయింది. ఎంతసేపో చప్పుడు లేదు. కొమ్మకి ఆకులన్నీ అయిపోయాక తిరిగొచ్చింది.

అధికారి ముందు దిగాడు. ఫైలు మోకాలి మీద పెట్టుకుని రాస్తూ, "మొదటిసారి తొందరపడ్డావు. గాలి ఎటుందో చూసుకోలేదు. రెండోది బాగుంది" అన్నాడు పైలట్ బాబుతో. అంతా గాలి గురించి, చేతుల గురించే మాట్లాడాడు. సంతకం పెట్టాడు.

కంపౌండరు బాబు మా అందరి ఎదటా మెల్లిగా, పెళ్ళికొడుకు దిగినట్టు దిగాడు. ఎవరి వైపూ చూడకుండా తిన్నగా సామాన్ల రేకుల షెడ్డు వెనక్కి నడిచాడు. నేను చెంబుతో నీళ్ళు పట్టుకుని వెళ్ళాను. పొద్దున తిన్నదంతా కక్కేసి, గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"ఒలే, ఎవలికీ సెప్పకే" అన్నాడు.

అన్ని రోజులు ఆ గది తుడిచాను. ఎవరికి ఏ మందు పోతోందో నాకు తెలుసని ఆయనకి తెలుసు. ఎన్నడూ ఎవరి గురించీ నాతో ఆ మాట అనలేదు. తన సంగతికి మాత్రం అన్నాడు.

ఇంతలో అధికారి షెడ్డు పక్కకి వచ్చి, "ఆయనెక్కడ? ఏమైంది ఆయనకి?" అని నన్నడిగాడు.

"ఎవలికి బాబూ?" అన్నాను.

అధికారి నా చేతిలో చెంబు చూశాడు. నవ్వాడో లేదో గానీ మీసం కదిలింది. వెనక్కి తిరిగి జీపెక్కి వెళ్ళిపోయాడు.

సాయంత్రం పైలట్ బాబు మందులకొట్టుకి వచ్చాడు. "ఆయనతో మీరేం చెప్పారండి? ఎలా ఒప్పుకున్నాడు?" అన్నాడు.

కంపౌండరు బాబు ఇంకా బల్ల మీదే పడుకుని ఉన్నాడు. కళ్ళు తెరవకుండానే, "ఆయనికీ నాకూ మజ్జిన మాట అది. నీకెందుకు? పొట్లాలు ఇంకా నాలుగు రోజులున్నాయి, మానీకు" అన్నాడు.

ఆయన లేడు కాబట్టి ఆ వాంతి సంగతి ఇప్పుడు రాసేశాను. అదీ తప్పే. తిట్టడానికి మనిషి లేడనే ధైర్యం. నేను రాసింది చదివి మా కోడలు, "ఇంతకీ ఆ పైలట్‌కి ఏం జబ్బు అత్తా?" అని అడిగింది. మీరూ అడుగుతారు. ఆ అబ్బాయి నాకన్నా చిన్నవాడు. ఎక్కడో బతికే ఉంటాడు.